అమ్మ పెట్టిన ఆఖరి ఆవకాయ అడుగుకొచ్చింది, ఏం చెయ్యమంటారు?

తెనాలి_గడప
అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. కిందటి వేసవిలో తను పెట్టిన ఆవకాయ జాడీ అడుగుకొచ్చింది. ఓ అయిదారు ముక్కలు, కాస్త పిండి మిగిలాయి. నాన్న దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. తనూ తినరు. రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు అలమరలోంచి జాడీ దించుతారు, వాసెన విప్పుతారు, ఓసారి లోపలికి చూసి మళ్ళీ కట్టేస్తారు. ముడి అమ్మ వేసినట్టు రాకపోతే విప్పి మళ్ళీ కడతారు. నేను హైదరాబాదులో ఉంటాను, నెలకోసారి వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ ఇదే చూస్తున్నాను.

మొన్న మాసికానికి బెంగళూరు నుంచి వచ్చిన తమ్ముడు "బూజు పడుతుంది నాన్నా, తీసేద్దాం" అన్నాడు. నాన్న రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ఏడాది లోపు ఇంట్లో ఊరగాయలు పెట్టకూడదని పిన్ని అంటోంది. అంటే ఈ వేసవికి కొత్త ఆవకాయ లేదు. ఆ జాడీ ఇంకా బరువైపోయింది.

ఇక నా సంగతి. అమ్మ పోయినప్పుడు నేను ఏడవలేదు. పదమూడు రోజులూ వచ్చినవాళ్ళకి కాఫీలు, పంతులుగారి లిస్టు, ఫ్రీజర్ బాక్సు వాళ్ళకి డబ్బులు, భోజనాల లెక్క, ఇదే సరిపోయింది. "గట్టి పిల్ల" అని అందరూ మెచ్చుకున్నారు. కిందటి వారం సూపర్‌మార్కెట్లో ఆవపిండి ప్యాకెట్టు కనబడితే అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. సెక్యూరిటీ ఆయన మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చి, నేను లేచేదాకా పక్కనే నిలబడ్డాడు. ఎనిమిదో నెలలో ఇదేంటి? "ఇంకా అందులోనే ఉన్నావా" అని ఆఫీసులో ఒకావిడ అడిగింది. నాకే అనుమానం వస్తోంది, నాకేమైనా అయిందా అని.

పచ్చిమిర్చి
ముందు జాడీ సంగతి. ముక్కల మీద నూనె తేలుతోందా, పొడిగా ఉందా? రోజూ మూత తీస్తున్నారంటే గాలి, చెమ్మ తగులుతున్నట్టే. నూనె లేకపోతే బూజు ఖాయం. పప్పునూనె కాచి, పూర్తిగా చల్లార్చి, ముక్కలు మునిగేలా పొయ్యండి. వేడిగా పొయ్యొద్దు. అలా చేస్తే ఇంకో ఆరు నెలలు భయం లేదు. మిగతా సంగతి పెద్దవాళ్ళు చెప్తారు. మా అమ్మ ఉంది నాకు, ఆ విషయంలో మాట్లాడే అర్హత లేదు.

నీలిమేఘం
నా మాట కఠినంగా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఆ జాడీ ఇంట్లో ఉన్నంతకాలం మీ నాన్నగారు బయటికి రారు. దుఃఖంలో ఐదు దశలుంటాయి కదా. ఆయన మొదటి దశలో, అంటే ఒప్పుకోలేకపోవడంలో ఆగిపోయారు. మీరు రెండోదో మూడోదో. ఆయన లేనప్పుడు తీసేసి కడిగి పెట్టేయండి. నాలుగు రోజులు బాధపడతారు, తర్వాత తేలికపడతారు.

సింగరేణి_బిడ్డ
@నీలిమేఘం అన్నా, ఆ పని మాత్రం చెయ్యమనకు. మా బాపు పోయినంక ఆయన డ్యూటీ బూట్లు, తలకు పెట్టే లైటు బెల్టు మా అన్న ఎవరికో ఇచ్చిండు, మంచికే అనుకుని. మా అమ్మ సంవత్సరం అడిగింది, "బూట్లు యాడ ఉన్నయి" అని. బాపు గుర్తుకొచ్చి ఏడ్చిన దానికంటే ఆ బూట్ల కోసమే ఎక్కువ ఏడ్చింది. మా గోదావరిఖనిల ఆ బూట్లకు విలువేం లేదు, ఎవరింట్ల చూసినా ఉంటయి. గని సైరన్ మోగినప్పుడల్లా మా అమ్మ దర్వాజ దిక్కు చూసేది. ఆమెకు మిగిలింది ఆ బూట్లే.

గోదారి_గట్టు
అమ్మా, నేను రిటైరైన టీచర్ని. మా ఆవిడ 2014 చివర్లో పోయింది. నాకు తెలిసినంత చెప్తాను.

మన పెద్దలు పెట్టిన లెక్క ఓసారి చూడు. పది రోజులు రోజూ పని. పదో రోజు బంధువులంతా వచ్చి ధర్మోదకాలు వదులుతారు. పన్నెండో రోజు సపిండీకరణ. తర్వాత ఇరవై ఏడో రోజు ఊనమాసికం, నలభై అయిదో రోజు త్రైపక్షికం, నెలనెలా మాసికం, ఆరు నెలలకి ముందొకటి, ఏడాదికి ముందొకటి, ఆ తర్వాత ఏటికొక్కసారి ఆబ్దికం. మొదట్లో దగ్గర దగ్గరగా ఉంటాయి, పోనుపోను దూరమవుతాయి. బాధ తగ్గే తీరు కూడా ఇంచుమించు అదే. ఇది ఎవరు కట్టారో గానీ మనిషి గుండె తెలిసే కట్టారని నాకు ఒంటరిగా ఉన్నప్పుడు అర్థమైంది. మొదటి నెల్లో ఆ పనులు లేకపోతే నేను మంచం దిగేవాణ్ణి కాదు.

2015 గోదావరి పుష్కరాల్లో ఆవిడకి పిండం పెట్టాను. మొదటి రోజు, జులై 14న, రాజమండ్రిలో తొక్కిసలాట జరిగిందని విని పిల్లలు వద్దన్నారు. వారం ఆగి కోటిలింగాల రేవుకి వెళ్ళాను. పక్కన ఎవరో ముసలాయన, నాలాగే ఒక్కడే వచ్చాడు. మంత్రం చెప్తుంటే ఆయన భార్య పేరు దగ్గర గొంతు పూడుకుపోయింది, పలకలేకపోయాడు. పంతులుగారు తొందరపెట్టకుండా ఆగారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం ఆ నీళ్ళలో నిలబడి ఏడ్చాం. ఆయన పేరు కూడా అడగలేదు.

మీ నాన్నగారు జాడీ విప్పి చూసి కట్టడం నాకు పూజలాగే కనబడుతోంది. కదిలించకు.

ఒక సందేహం తీరుస్తాను. ఏటి సూతకం కొడుకుది, ఆ ఇంటిది. పెళ్ళైన ఆడపిల్లకి తల్లిదండ్రుల మైల మూడు రోజులే. కాబట్టి నీ ఇంట్లో, హైదరాబాదులో, నువ్వు నిక్షేపంగా ఆవకాయ పెట్టొచ్చు. మీ పిన్ని కూడా కాదనదు.

తెనాలి_గడప
మాస్టారూ, ఆ విషయం నాకు తట్టనే లేదు. నేను పెట్టొచ్చన్నమాట. కానీ అమ్మ కొలత నాకు రాదు. ఎప్పుడడిగినా "చేత్తో తెలుస్తుందే" అనేది.

కుంకుమరంగు
నేను ఒప్పుకోను మాస్టారూ. మీ మీద గౌరవంతోనే చెప్తున్నా.

"కూతురికి మూడు రోజులే" అన్న ముక్క ఇంకోసారి చదవండి. తొమ్మిది నెలలు మోసింది ఇద్దర్నీ. కొడుక్కి ఏడాది, కూతురికి మూడు రోజులా? ఆ అమ్మాయి పదమూడు రోజులూ కాఫీలు కలుపుతూ ఎందుకుంది? ఏడవడానికి తనకంటూ చోటు లేకనే. కర్మ చేసేది తమ్ముడు. అందరూ ఓదార్చేది తమ్ముణ్ణి, నాన్నని. కూతురు వంటింట్లో. నేను అలాంటి కూతుర్నే, అలాంటి భార్యనే కూడా.

2019లో మా ఆయన గుండెపోటుతో పోయారు. ఆయనకి 36. పదో రోజు నా చేత ఏం చేయించబోయారో మీకందరికీ తెలుసు. పసుపు రాసి, పూలు పెట్టి, చేతినిండా గాజులు వేసి, అవన్నీ తీసేయడానికి తయారయ్యారు. అంతమంది ఆడవాళ్ళు చుట్టూ. మా అత్తగారు లేచి వచ్చి నా రెండు చేతులూ తన కొంగులో చుట్టేసుకున్నారు. "నా కొడుకు పోయింది చాలు, దీని జోలికి రావద్దు" అన్నారు. అంతకు ముందు పదేళ్ళలో ఆవిడకీ నాకూ పడింది లేదు. ఆ గాజులు ఇప్పటికీ ఉన్నాయి నా దగ్గర, ఆకుపచ్చవి, రెండు డజన్లు. ఆ లెక్కలు కట్టినవాళ్ళకి మనిషి గుండె తెలుసో లేదో నాకు తెలియదు, మా అత్తగారికి తెలుసు.

గోదారి_గట్టు
అమ్మా కుంకుమరంగూ, నువ్వన్నదాంట్లో నాకు సమాధానం లేదు. ఆవకాయకి దారి చూపిద్దామనే తొందరలో ఆ మూడు రోజుల మాట ఎంత కోస్తుందో ఆలోచించలేదు. మా ఆవిడ పోయినప్పుడు మా అమ్మాయి కూడా వంటింట్లోనే ఉంది. ఏడ్చిందో లేదో నేను అడగలేదు. పదేళ్ళు దాటింది. ఇవాళ ఫోన్ చేస్తాను.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

బ్యాక్‌బెంచ్_42
కూతురికి మూడు రోజులైనా ఉన్నాయి. స్నేహితుడికి అదీ లేదు.

ఇంటర్ నుంచి కలిసి చదివినవాడు 2022లో బైక్ యాక్సిడెంట్లో పోయాడు. ఆఫీసులో సెలవు అడిగితే "బ్లడ్ రిలేషనా?" అన్నారు. కాదన్నాను. క్యాజువల్ లీవు పెట్టుకోమన్నారు. శ్మశానంలో కూడా మేం వెనక వరసే. కుండ పట్టుకునేది వేరేవాళ్ళు, ఏడ్చేది వేరేవాళ్ళు. మేం గోడ దగ్గర నిలబడి చూశాం.

ప్రతి ఆదివారం క్రికెట్ ఆడేవాళ్ళం. వాడు థర్డ్ మ్యాన్‌లో ఉండేవాడు. వాడు పోయాక నాలుగు వారాలు ఆ చోటు ఖాళీగా వదిలేసి పదిమందితోనే ఆడాం. ఫోర్లన్నీ అటే పోయాయి, అన్ని మ్యాచ్‌లూ ఓడిపోయాం. అవతలి టీమ్ వాళ్ళకి సంగతి తెలిశాక వాళ్ళు కూడా పదిమందితోనే దిగారు.

పచ్చిమిర్చి
అవతలి టీమ్‌కి దండం పెట్టాలి తమ్ముడూ.

డల్లాస్_డైరీ
మా నాన్న 2021 మే రెండో వారంలో పోయారు, కరోనా. నేను ఇక్కడ. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆ నెల 4 నుంచే ఆంక్షలు పెట్టింది. నాకు వీసా స్టాంపింగ్ లేదు. వెళ్తే తిరిగి ఎప్పుడొస్తానో తెలియదు, ఇక్కడ మూడు నెలల పాప. వెళ్ళలేదు. వెళ్ళలేదు అనే మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

దహనం మున్సిపాలిటీ వాళ్ళు చేశారు. అంబులెన్స్ డ్రైవరు దూరం నుంచి తీసి పంపిన వీడియో ఒక్కటే ఉంది, నలభై సెకన్లు. అందులో నాన్న కనబడరు. నీలం ప్లాస్టిక్ కవరు కనబడుతుంది. అస్థికలు మూట కట్టి శ్మశానంలోనే ఓ గదిలో ఉంచారు. ఆంక్షలు నవంబరు 8న ఎత్తేశారు, నేను డిసెంబరులో వచ్చాను. గదిలో ఇంకా చాలా మూటలున్నాయి. ఒక్కోదానికి ఒక చీటీ. నాన్న చీటీ మీద పేరు తప్పు రాశారు. కాపరి దగ్గర పెన్ను తీసుకుని సరిచేసి, అప్పుడు నదికి తీసుకెళ్ళాను.

నాన్న నంబరుకి రీఛార్జ్ చేయించడం ఎవరికీ తోచలేదు. ఏడాదిన్నర తర్వాత ఓ రాత్రి ఊరికే ఆ నంబరు తీసి చూశాను. ప్రొఫైల్ ఫోటోలో ఎవరో కుర్రాడు, బైక్ మీద. నాన్న నంబరు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆ రోజు ఏడ్చినంత నేను మేలో కూడా ఏడవలేదు. కాబట్టి తెనాలి అక్కా, ఎనిమిదో నెలలో ఆవపిండి దగ్గర ఏడవడం నాకు వింతగా లేదు. ఒక్కటే చెప్తాను, అమ్మ నంబరు బతికించుకోండి. తక్కువ ప్లాన్ ఏదైనా సరే. వాయిస్ మెసేజ్‌లు ఉంటే రెండు చోట్ల దాచండి.

తెనాలి_గడప
అమ్మ ఫోన్ నాన్న దగ్గరే ఉంది తమ్ముడూ. ఇప్పుడే రీఛార్జ్ చేశాను. వాయిస్ మెసేజ్‌లు పదకొండు ఉన్నాయి. తొమ్మిది "అన్నం తిన్నావా, ఫోనెత్తవేం" అనేవే.

కడప_చాయ్
అక్కా, మా నాన్న పోయాక మా అమ్మ ఇద్దత్ పాటించింది. నాలుగు నెలల పది రోజులు. మొదట నాకు కోపం వచ్చింది, ఆమెను ఇంట్లో కూర్చోబెట్టారని. పైన కుంకుమరంగు అక్క చెప్పినట్టే అనుకున్నా. మా అమ్మ మాత్రం వేరే చెప్పింది. "నన్ను ఎవరూ దేనికీ పిలవలేదు, నవ్వమనలేదు, పెళ్ళిళ్ళకు రమ్మనలేదు, ఆ నాలుగు నెలలు నావి" అంది. ఎవరిది వాళ్ళకే తెలుస్తాది. నలభయ్యో రోజు ఫాతెహాకి నాన్నకి ఇష్టమని ఉగ్గాని చేయించింది. వచ్చినోళ్ళంతా బిర్యానీ ఉంటుందనుకుని వచ్చినారు. ఉగ్గాని, బజ్జీ తిని పోయినారు. నాన్న ఉంటే బాగా నవ్వుకునేవాడు.

మందుల_చీటీ
ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగంలో నర్సుగా చేస్తున్నాను. రెండు విషయాలు చెప్పాలి.

@నీలిమేఘం, ఆ ఐదు దశల మాట రోజుకొకరు అంటారు నాతో. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో వాటి గురించి రాసినప్పుడు ఆవిడ మాట్లాడింది చావుకు దగ్గరైన రోగులతో. తర్వాత దాన్ని పోయినవాళ్ళ కోసం ఏడ్చేవాళ్ళకి కూడా తగిలించారు. అవి మెట్లు కావు. ఒకటి ఎక్కాక రెండోది రావాలని లేదు, కొన్ని అసలు రావు. పొద్దున బాగా ఉండి, మధ్యాహ్నం కుప్పకూలి, సాయంత్రం టీవీ చూసి నవ్వేవాళ్ళని నేను రోజూ చూస్తాను. వాళ్ళకేమీ కాలేదు.

మరి వైద్యం ఎప్పుడు అవసరం? ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 అని ఉంది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో ఎడతెగని దుఃఖాన్ని ఒక రుగ్మతగా చేర్చారు. కానీ దానికి ఆరు నెలలు దాటితే చాలదు. ఆ మనిషి సంప్రదాయంలో మామూలుగా పట్టే కాలానికి మించి ఉండాలి, రోజు గడవనంతగా ఉండాలి. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం పెద్దవాళ్ళకి పన్నెండు నెలలు పెట్టింది. అంటే డాక్టర్లలోనే లెక్క కలవలేదు. మీ ఆఫీసావిడ కంటే వాళ్ళు చాలా నయం.

తెనాలి గారూ, మీరు ఉద్యోగం చేస్తున్నారు, నెలనెలా నాన్న దగ్గరికి వెళ్తున్నారు, ఏడుపొస్తే ఏడ్చారు. మీ గురించి నాకు బెంగ లేదు. నాన్నగారి గురించి అడుగుతాను. రాత్రి నిద్రపోతున్నారా? బరువు తగ్గారా? బయటికి వెళ్తున్నారా? బీపీ, షుగరు మందులు ఉన్నాయా, ఎవరిచ్చేవారు? "నేనూ పోతే బాగుండు" లాంటి మాట అన్నారా? ఆ చివరిది అంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఆయన మాట్లాడకపోతే మీరు మాట్లాడి, ఏం చేయాలో అడగండి.

నీలిమేఘం
సరే, ఐదు దశల మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎక్కడో చదివి మనసులో పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే మా అన్నయ్య పోయినప్పుడు నేను ఎన్నో దశలో ఉన్నానో లెక్కపెట్టుకుంటూ గడిపాను. అయిదోది వచ్చేస్తే అయిపోతుందనుకున్నా. ఆరేళ్ళయింది. వాడి చొక్కాలన్నీ నేనే పంచేశాను, వారం తిరక్కుండా. ఒక్కటి ఉంచుకోవాల్సింది.

సింగరేణి_బిడ్డ
@నీలిమేఘం తప్పేం లేదన్నా. మా అన్న కూడ గట్లనే చేసిండు, బాధ తట్టుకోలేకనే. పంచినోళ్ళను ఎవరినన్న అడిగి చూడు. ఒక్క చొక్కా తిరిగిస్తరు. నేను బూట్లు గట్లనే తెచ్చిన. తీసుకున్నాయన అసలు తొడుక్కోలేదట, "మీ బాపు బూట్లు గదా" అని అటక మీద పెట్టిండు. పెత్రమాస నాడు అయ్యగారికి పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చెటప్పుడు అమ్మ ఆ బూట్లు తుడిచి పక్కన పెడతది. అదే రోజు పొద్దుమీకి ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దుగాల బాపు కోసం ఏడ్చి, పొద్దుమీకి పూలు పేర్చి ఆడపిల్లలతోని చప్పట్లు కొడతది. మొదటి ఏడు ఆడలేదు. రెండో ఏడు వాకిట్ల కూసున్నది. మూడో ఏడు లేచింది.

బాపట్ల_అల
మా ఇంట్లో ఈస్టర్‌కి అందరం సమాధుల తోటకి వెళ్తాం. ముందు రోజు సున్నం వేస్తాం, బంతిపూల దండలు, తెల్లవారకముందే కొవ్వొత్తులు. మా తాత, నాయనమ్మ, మా నాన్న, ఒకే వరస. మొదటి ఏడాది నాన్న సమాధి దగ్గర నిలబడలేకపోయాను. ఇప్పుడైతే ఫ్లాస్కులో టీ పట్టుకెళ్తాం. మా అబ్బాయికి నాలుగేళ్ళు, తాతని చూడలేదు. కిందటిసారి వాడి బిస్కెట్టు ఒకటి సమాధి మీద పెట్టి "తాతా తిను" అన్నాడు. మా అమ్మ అక్కడే కూర్చుని వాణ్ణి చూస్తూ నవ్వింది. చీకట్లో అన్ని కొవ్వొత్తుల మధ్య ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చింది.

తెనాలి_గడప
అందరివీ చదివాను, కొన్ని రెండుసార్లు. మందుల చీటీ గారు అడిగినవి ఈ శనివారం తెనాలి వెళ్ళి చూశాను. మీరు అడక్కపోతే నాకు తట్టేది కాదు.

నాన్నకి బీపీ మాత్ర ఉంది. రోజూ పొద్దున కాఫీ గ్లాసు పక్కన చిన్న స్టీలు మూతలో అమ్మ పెట్టేది. నాన్న వేసుకునేవారు. ఏ మాత్రో, ఏ షాపులోదో ఆయనకి తెలియదు. ఎనిమిది నెలలుగా గుర్తొచ్చిన రోజు వేసుకుంటున్నారు. బీపీ చూపిస్తే చాలా ఎక్కువుంది. డాక్టరు మందు మార్చారు. ఎదురింటి అబ్బాయి పొద్దున వచ్చి మాత్ర ఇచ్చి వెళ్తానన్నాడు. ఆ స్టీలు మూత వెతికి తీశాను. అందులోనే పెట్టమన్నాను.

నిద్ర రెండు మూడు గంటలే. "నేనూ పోతే" అని ఎప్పుడైనా అనిపిస్తుందా అని అడగడానికి చాలా భయమేసింది, కానీ అడిగాను. కాసేపు ఊరుకుని, "మొదట్లో అనిపించేది, ఇప్పుడు కాదు. మీ అమ్మ తిడుతుంది" అన్నారు. నిద్ర సంగతి డాక్టరుకి చెప్పాం. 14416 నంబరు ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను.

మందుల_చీటీ
చాలా మంచి పని చేశారు. అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. పుట్టదు. వచ్చే నెల కూడా అడగండి.

కుంకుమరంగు
@తెనాలి_గడప మరి నీ సంగతి? నాన్నకి మాత్ర, తమ్ముడికి మాసికం, అందరికీ కాఫీ. నువ్వెక్కడ?

తెనాలి_గడప
అక్కా, నీ మాట రెండు రోజులు తలలో తిరిగింది. ఈ వారం మళ్ళీ వెళ్ళాను. నాన్నతో చెప్పేశాను, "నాకు ఏడవడానికి ఎవరూ టైమివ్వలేదు నాన్నా" అని. ఆయన ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మీద అన్నం పెట్టారు. ఆయన అన్నం వండడం నేనెప్పుడూ చూడలేదు. కాస్త మెత్తబడింది.

జాడీ దించారు. వాసెన విప్పి మడత పెట్టి పక్కన పెట్టారు. కొత్త ఆవకాయ కలిపిన రోజు బేసిన్‌లో వేడన్నం కలిపి అమ్మ మాకు ముద్దలు పెట్టేది కదా, అందరిళ్ళలోనూ ఉండేదే. అలా జాడీలోనే కలుపుదామనుకున్నారు. ఆయన చెయ్యి జాడీ మూతిలో పట్టలేదు. అమ్మది సన్నని చెయ్యి. గాజులు తీసి పెట్టేది లోపలికి. అప్పుడు గరిటెతో అంతా గీకి కంచంలోకి తీసి, అన్నం జాడీలో వేసి అటూ ఇటూ తిప్పి, అంటుకున్న పిండంతా పట్టేలా చేసి బయటికి తీశారు. నెయ్యి వేశారు. మొదటి ముద్ద నాకు పెట్టారు. రెండోది కంచం పక్కన విడిగా పెట్టారు, ఎవరికోసమో నేను అడగలేదు. నేను ఆ ముద్ద నోట్లో పెట్టుకుని ఏడ్చాను, కారంగా ఉందని సాకు కూడా చెప్పలేదు. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. గంటసేపు అలాగే ఉన్నాం అనుకుంటా.

విడిగా పెట్టిన ముద్ద తీసుకెళ్ళి పెరటి గోడ మీద పెట్టారు.

ఒక ముక్క మాత్రం ఉంచారు, తమ్ముడికి. వాడు ఫోన్లో విని "నాకొద్దు, నాన్ననే తినమను" అన్నాడు. తర్వాత మళ్ళీ ఫోన్ చేసి "ఉంచమను" అన్నాడు.

బ్యాక్‌బెంచ్_42
ఆఫీసు క్యాంటీన్లో చదువుతున్నా. కళ్ళు తుడుచుకుంటుంటే పక్కన ఎవరో టిష్యూ ఇచ్చారు.

గోదారి_గట్టు
మా అమ్మాయికి ఫోన్ చేశానమ్మా. "అప్పుడు ఏడ్చావా" అని అడిగాను. "బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని నాన్నా, వచ్చినవాళ్ళకి వినబడకుండా" అంది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఈసారి ఆబ్దికానికి పిల్లలతో వస్తానంది. వంటకి మనిషిని పెడుతున్నాను. తను నా పక్కన కూర్చుంటుంది.

పచ్చిమిర్చి
తెనాలి అక్కా, జాడీని సబ్బుతో కడగొద్దు. వేడినీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టండి. చెమ్మ చుక్క ఉండకూడదు. ఇంతకీ హైదరాబాదులో పెడుతున్నారా లేదా?

తెనాలి_గడప
పెడుతున్నాం. అసలు సంగతి ఏంటంటే, కొలత నాన్నకి తెలుసు! ముప్పై ఎనిమిదేళ్ళు ముక్కలు గుడ్డతో తుడిచిన మనిషి ఆయనే. జీడి తీసి, పొర తీసి, ఒక్కొక్క ముక్కా తుడిచి అమ్మకి అందించేవారు. "మీ అమ్మ నాలుగు గ్లాసుల ముక్కలకి ఒక్కొక్క గ్లాసు కారం, ఆవపిండి వేసేది, ఉప్పు గ్లాసుకి రెండు వేళ్ళు తక్కువ" అన్నారు. గ్లాసు కూడా చూపించారు. అడుగున చొట్ట పడిన కంచు గ్లాసు. ఆ చొట్టతో సహా కొలతట.

పచ్చిమిర్చి
ఆ గ్లాసు బస్సులో జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని తీసుకురండి. కాయ పుల్లగా, పీచుగా ఉండాలి, టెంక ముదరాలి. మే రెండో వారం దాటనివ్వకండి. వాన పడితే కాయలో నీరు చేరుతుంది.

తెనాలి_గడప
నెల తర్వాత రాస్తున్నాను. మోండా మార్కెట్లో కాయలు కొని అక్కడే కొట్టించాం. నాన్న కింద చాప వేసుకుని మధ్యాహ్నమంతా ముక్కలు తుడిచారు. నేను కలిపాను. మూడో రోజు తిరగ కలిపి, బేసిన్‌లో వేడన్నం కలిపాం. తమ్ముడు కూడా వచ్చాడు.

అమ్మ రుచి రాలేదు. ఉప్పు ఎక్కువైంది. నాన్న ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, "రెండు వేళ్ళంటే నీ వేళ్ళు కాదే, దాని వేళ్ళు" అన్నారు. ముగ్గురం నవ్వాం. తర్వాత తమ్ముడు బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఈసారి నేను వెనకే వెళ్ళాను.

పచ్చిమిర్చి
ఉప్పు గురించి బెంగపడకండి అక్కా. ఊట పీల్చుకునేకొద్దీ ముక్క సర్దుకుంటుంది. నెల ఆగి మళ్ళీ చూడండి.